ఆఫీసరుగారి చెయ్యి

శ్రీమన్నారాయణకు ఉద్యోగం వచ్చిందని వాళ్ల నాన్న నరసరావుపేట బజారంతా చక్కెర పంచాడు. ఏం ఉద్యోగమని అడిగినవాళ్లకు చెప్పడానికే తంటాలు పడ్డాడు. "శిశు విద్యా ఆరోగ్య సేవల సమన్వయాధికారి" అని కొడుకు నేర్పిన మాటను సగంలో వదిలేసి, "పిల్లకాయల మీద ఆఫీసరు" అని తేల్చేసేవాడు.

అది 1962. పిల్లలకు ఆటపాటలు నేర్పి పాలు పోసే బాలవాడీలు ఒక శాఖవి. టీకాలు వేసే నర్సులు ఇంకో శాఖవాళ్లు. ఒక శాఖ వెళ్లిన ఊరికి ఆ వారం రెండో శాఖ పోయేది కాదు. ఈ రెంటినీ ముందు పల్నాడులో కలపమనీ, కుదిరితే రాష్ట్రమంతా కలుపుదామనీ హైదరాబాదు ఉత్తర్వు.

మొదలుపెట్టడానికి శ్రీమన్నారాయణ పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కనున్న పేటను ఎంచుకున్నాడు. అక్కడి చర్చి వరండాలో కృపమ్మ బాలవాడీ నడిపేది. బట్టీ పనికి పోయే తల్లులు పిల్లల్ని ఆమె దగ్గర వదిలి వెళ్లేవాళ్లు. పాటలకు కొందరు పిల్లలు చేరేవాళ్లు, పాలకు అందరూ చేరేవాళ్లు.

"ఇకనుంచి పాలూ టీకాలూ ఒకేరోజు, ఒకేచోట" అన్నాడు శ్రీమన్నారాయణ.

"వద్దయ్యగారూ" అంది కృపమ్మ. "పాలగ్లాసు పక్కన సూది కనబడితే పిల్లకాయలు మళ్లీ ఇటు రారు."

"నువ్వు ఒక శాఖ వైపునుంచి చూస్తున్నావమ్మా. నేను రెండు వైపులనుంచీ చూస్తున్నాను."

ఆ రోజు రానే వచ్చింది. రెండు శాఖల పెద్దలు రెండు జీపుల్లో దిగి, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు. పిల్లలు గ్లాసులతో బారు తీరారు. మూతికి పాలనురగ ఆరకముందే మొదటివాడి చెయ్యి పట్టుకుంది నర్సు సుశీల. వాడు పెట్టిన కేకకు వరండా ఖాళీ అయింది. గ్లాసులు మాత్రం మిగిలాయి.

తర్వాత పాలకు కూడా ఎవరూ రాలేదు. పేటలో పాపమ్మ అనే ముసలమ్మ అతన్ని నిలేసింది. "మా మనవరాలు పాలంటేనే జడుసుకుంటంది. ఏందయ్యా, ఏం కలిపారు అందులో?"

"శాఖలు కలిపామమ్మా" అన్నాడు నీళ్లు నములుతూ.

హైదరాబాదుకు మాత్రం, పాలు తాగేవాళ్లకూ టీకాలు వేయించుకునేవాళ్లకూ మధ్య సంఖ్యలో తేడా పూర్తిగా తొలగిపోయిందని రాశాడు. అది నిజమే, రెండు చోట్లా సున్నా. అక్కడినుంచి అభినందనలు వచ్చాయి. అవి చదువుతుంటే అతనికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పూటే బస్సెక్కి మళ్లీ పేటకు పోయాడు.

"ఇప్పుడేం చేద్దాం కృపమ్మా?"

"వాళ్ల కళ్లముందు మీరు వేయించుకోండి."

శ్రీమన్నారాయణ చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. చిన్నప్పుడు టీకాలవాళ్లు వీధిలోకి వస్తే వాళ్ల నాన్న కొట్లో బెల్లం బస్తాల వెనక దాక్కున్న మనిషి అతను. "నేను ఆఫీసర్ని కదమ్మా..."

"అయితే ఏందయ్యగారూ, ఆఫీసర్లకు చేతులుండవా?"

మర్నాడు పొద్దున చర్చి వరండాలో చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. పిల్లలు గోడవెనక నుంచి తొంగిచూస్తున్నారు. సుశీల సూది ఇంకా ఆనించనేలేదు, అతను "అమ్మో!" అని కుర్చీలోంచి లేచాడు. గోడవెనక నవ్వులు. సుశీల మళ్లీ కూర్చోబెట్టి పని కానిచ్చింది. పాపమ్మ మనవరాలు ముందుకొచ్చి, "ఇంకోసారి ఎయ్యక్కా!" అంది. ఒకసారే వేస్తారని చెబితే చిన్నబుచ్చుకుని, "అయితే నాకెయ్యి. నేను అరవను, చూడు" అని చెయ్యి చాచింది. నిజంగానే అరవలేదు. ఆఫీసరుకన్నా గట్టివాళ్లమని చూపించుకోవడానికి మిగతావాళ్లు తోసుకుంటూ వచ్చారు. కృపమ్మ పాలు కలిపింది. శ్రీమన్నారాయణ కూడా వాళ్ల మధ్య చతికిలబడి ఒక గ్లాసు తాగాడు. ఉద్యోగంలో చేరాక అంత సంతోషం అతనికి అదే మొదలు.

ఆ సంతోషంలో జరిగింది జరిగినట్టు హైదరాబాదుకు రాసేశాడు.

వెంటనే ఉత్తర్వు దిగింది. పల్నాడు పద్ధతిని రాష్ట్రమంతటా అమలు చేయాలి. సమన్వయాధికారి ఒక్కరే ఉన్నందున ప్రతి ఊళ్లోనూ వారే స్వయంగా టీకా వేయించుకోవాలి. రెండు శాఖలూ మొట్టమొదటిసారి ఒకే కాగితం మీద సంతకం చేశాయి.

మాచర్ల వెళ్లే జీపులో కూర్చుని శ్రీమన్నారాయణ దీనంగా అడిగాడు. "సుశీలా, ఈసారి ఏ చెయ్యి?"

"ఊళ్లు చానా ఉన్నాయి సార్" అంది సుశీల. "మార్చుకుంటా పోదాం."