చినుకు పడకముందే వచ్చిన నీళ్లు

ఇంకా చినుకు పడలేదు. ఆకాశం నల్లబడి ఉంది, అంతే. పల్లపు వీధిలోకి మాత్రం నీళ్లు వచ్చేశాయి. మురుగు కాలువ పొంగి, లాండ్రీ గడప దాటి, కింద పెట్టిన బట్టల మూటలన్నిటినీ నానబెట్టింది. ఎవరెవరివో తెల్లచొక్కాలు బురదలో దొర్లాయి.

లాండ్రీ నడిపే పెద్దకోడలు ఆ మూటల వంక చూడలేదు. వీధి మొదట్లో ఉన్న తోడికోడలి ఇంటి వంక చూసింది. అక్కడ నీలంగా నిగనిగలాడుతోంది కొత్త స్మార్ట్ ట్యాంకు. వాననీళ్లు పట్టి దాచుకుంటుంది. మళ్లీ వానొస్తోందని నెట్‌లో కబురు అందగానే తనంతట తానే వాల్వు తెరుచుకుని, ఉన్న నీళ్లు వదిలేసి చోటు చేసుకుంటుంది. ట్యాంకుల కంట్రాక్టరు, రోడ్డుకి కనబడే ఇళ్లకే అవి బిగించి, ఫొటోలు దిగి పోయాడు. లాండ్రీ ఉన్న లోపలి ఇళ్ల మొహం చూడలేదు. అప్పట్నుంచీ పెద్దకోడలికి కంటిమీద కునుకు లేదు. చిన్నకోడలు ఆ నీళ్లతో గిన్నెలు కడుక్కుంటుంటే, ఆ చప్పుడుకే ఈమె కడుపు మండిపోయేది.

నీళ్లలో ఈడ్చుకుంటూ పోయి గుమ్మంలో నిలబడింది.

"నీ ట్యాంకు నీళ్లు నా కొంపమీదికి వదుల్తావటే?"

చిన్నకోడలు బిక్కమొహం వేసి వాల్వు చూపించింది. దాన్ని ఇనపతీగతో బిగించి కట్టేసి ఉంది.

"చుక్క కూడా వదల్లేదక్కా. పట్టిన నీళ్లు కాలువ పాలవుతుంటే ప్రాణం ఒప్పక కట్టేశాను."

రోడ్డువైపు ఇళ్లన్నీ అదే పని చేశాయట. బిందెడు నీళ్ల కోసం కొట్టుకున్న చేతులు, కళ్లముందు నీళ్లు పోతుంటే ఊరుకుంటాయా?

అంతలో వాన దంచింది. చోటు లేని ట్యాంకు పొంగి, నీళ్లు చిన్నకోడలి వంటింట్లోకి పడ్డాయి. పెద్దకోడలికి ఒక్క క్షణం కడుపులో చల్లగా అనిపించింది. వెంటనే సిగ్గేసి, బకెట్టు అందుకుని నీళ్లు ఎత్తిపోయసాగింది. ఎత్తిపోస్తూనే ఆలోచన. ఇక్కడ ఎవరూ వదలకపోతే, వానకి ముందొచ్చిన ఆ నీళ్లు ఎవరివి?

మర్నాడు లాండ్రీలో ఇస్త్రీ బల్లల మీదే కూర్చుని, ట్యాంకులు బిగించే ఫిట్టర్ని అందరూ నిలదీశారు. అతను దాచలేదు. పైన మెరక వీధిలో ప్రతి ఇంటికీ ఇంతకంటే పెద్ద ట్యాంకు ఉందట. వానకి ముందురోజు నుంచే కొంచెం కొంచెం వదలమంటే అది వదులుతుందట. తోటలకి కావాలని, ఆఖరి క్షణం దాకా పట్టి ఉంచమన్నారట మెరకవాళ్లు. దాంతో అన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. కాలువ నిండిపోతుంది. ఆపైన వాన.

అది విన్నాక కూడా పోట్లాట ఆగలేదు. ట్యాంకులకి అమ్ముడుపోయారని లోపలి ఇళ్లవాళ్లు, కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నారని రోడ్డువైపువాళ్లు. పెద్దకోడలు లేచింది.

"నేనూ పోసుకున్నాను. పక్కింటిని చూసి ఏడ్చాను గానీ మెరకవైపు తలెత్తలేదు. కంట్రాక్టరుకి కావాల్సిందీ అదే. ఏడుద్దాం పదండి, అందరం కలిసి, పైకి చూసి."

మళ్లీ మబ్బు పట్టిన రోజున వీధంతా మెరకెక్కింది. అక్కడి ట్యాంకుల గొట్టాలన్నీ కలిసే తూముకి ఇసుక బస్తాలు అడ్డం వేసి వాటిమీదే కూర్చున్నారు. వాల్వులు తెరుచుకోగానే నీళ్లు వెనక్కి తన్ని మెరకవాళ్ల తోటల్లోకి పాకాయి. పల్లంలో ఇంటింటికీ ట్యాంకు పెట్టాలి, పైన ముందురోజు నుంచే మెల్లగా వదలాలి, అప్పటిదాకా లేచేది లేదన్నారు.

కంట్రాక్టరు పరిగెత్తుకొచ్చాడు. అందర్నీ వదిలేసి పెద్దకోడలి పక్కన చతికిలబడి, గొంతు తగ్గించాడు.

"నీకు రేపే బిగిస్తానమ్మా. నీ తోడికోడలిదానికన్నా పెద్దది."

 వాడు సరిగ్గా పుండుమీదే వేలు పెట్టాడు. పక్కనున్న చిన్నకోడలు అటే చెవి ఒగ్గింది.

"బిగించు," అంది చివరికి. "వీధంతా బిగించాక, ఆఖర్న నాకు."

పోలీసులొచ్చారు. నాయకుడెవరని ఎస్సై అడిగితే చిన్నకోడలు లేచి నిలబడింది. ఆమెను వ్యాను ఎక్కిస్తుంటే జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వినేసరికి పెద్దకోడలికి ఒళ్లు భగ్గుమంది.

"మా అత్తారింటికి ముందొచ్చిన కోడల్ని నేను. నన్నొదిలేసి దాన్నెక్కిస్తావేంటయ్యా?" అంటూ తనే ఎక్కి, చిన్నకోడల్ని జరగమని కిటికీ పక్కన కూర్చుంది.

కూరలమ్మే ముసలమ్మ తానేం తక్కువ తిన్నానని ఎస్సైని తోసుకుంటూ వచ్చింది. వెనకే తాపీమేస్త్రీ, ఫిట్టరు. వ్యాను నిండిపోయింది. బస్తాలమీద ఖాళీ అయిన చోట్లలోకి లోపలి ఇళ్లవాళ్లు జరిగి కూర్చున్నారు. ఎస్సై రెండో వ్యాను పంపమని ఫోను చేస్తుంటే, వాళ్లలో ఒకడు నింపాదిగా అన్నాడు:

"మూడోది కూడా చెప్పండి సారూ."