కడప బండ మీద అరగదీసిన ఇంజిన్ హెడ్డు

నేను ఒక పాత వ్యాను ఇంజిన్‌కి హెడ్డును, అంటే దాని తలకాయను. కింద పిస్టన్లు ఎగిరెగిరి పడుతుంటే పైనుంచి మూతలా నొక్కిపట్టి కూర్చోవడమే నా ఉద్యోగం. పుట్టినచోట నన్ను పోతపోసి, అడుగుభాగం అద్దంలా నున్నగా చేసి మురిసిపోయారు. ఆ తర్వాత ఏళ్లతరబడి నా మొహం చూసినవాళ్లు లేరు. సక్రమంగా పనిచేసేదాన్ని మనుషులు ఎందుకు తెరిచి చూస్తారు?

మొదట ఒక డాక్టరుగారి కుటుంబాన్ని గుళ్లకీ గోపురాలకీ తిప్పాను. తర్వాత కూరగాయల బుట్టలు మోశాను. చివరికి వినుకొండలో దస్తగిరి చేతికొచ్చి, బడిపిల్లల్ని దించే పనిలో కుదిరాను. అతని భార్య కాశింబీ. చంకలో ఏడాది నిండని పిల్ల. ఆ వ్యాను కదిలితేనే ఆ ముగ్గురూ ఒకచోట ఉండేది.

వేసవి సెలవుల్లో ఒక పెళ్లి ట్రిప్పుకెళ్లి, రేడియేటర్లో నీళ్లు తగ్గిపోయిన సంగతి చూసుకోకుండా తోలాడు దస్తగిరి. నేను కాగిపోయి వంకరపోయాను. ఇంజిన్ ఆయిల్లోకి నీళ్లు దిగి పాలు పోసిన టీ రంగుకొచ్చింది.

బడి తెరిచేది సోమవారం. నా మొహం చదును చెయ్యాల్సిన లేత్ షాపువాళ్లు అప్పటికల్లా అవదన్నారు. ఇంకోపక్క బెంగుళూరు నుంచి కాశింబీ అన్న ఫోన్ మీద ఫోను. "బావా, వాచ్‌మన్ పని ఖాళీగా ఉంది. గది ఒక్కడికే ఇస్తారు. చెల్లినీ పిల్లనీ అక్కడే ఉంచి నువ్వు రా."

ఆ మాట విన్నప్పటినుంచి కాశింబీకి ఒకటే బెంగ. పిల్లకి జ్వరమొస్తే ఎవర్ని పిలవాలి? పిల్ల తండ్రి మొహం మర్చిపోతే?

"వ్యాను బాగైతే పోవుగా?" అని అడిగింది.

"బాగైతే ఎందుకు పోతానే, నాకేమన్నా పిచ్చా?"

ఇంట్లోనే నన్ను విప్పారు. వంటింట్లో గోనెపట్టా పరిచి దస్తగిరి వాల్వులు ఊడదీస్తే, కాశింబీ కిరసనాయిల్లో కడిగింది. వాల్వుకి ఇసకలాంటి పేస్టు పూసి, కర్రపుల్ల అతికించి, రెండరచేతుల మధ్య తిప్పుతూ, నా గూట్లో సందు లేకుండా కూర్చునేదాకా అరగదీయాలి. దస్తగిరికి ఓపిక లేదు.

"ఇటివ్వు, కవ్వం తిప్పినట్టేగా," అని లాక్కుంది. పిల్లని ఒళ్లో పడుకోబెట్టుకుని చేతులు బొబ్బలెక్కేదాకా తిప్పింది. వాల్వుల మీద కిరసనాయిలు పోస్తే చుక్క కూడా కారలేదు.

"మెకానిక్కువయిపోయావే. రేపటినుంచి నువ్వు వ్యాను తోలు, నేను అన్నం వండుతా."

"నువ్వొండితే తినేదెవరు?"

ఆ ఇంట్లో వాళ్లు నవ్వగా నేను విన్నది అదొక్కసారే.

మిగిలింది నా మొహం. మందపాటి అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దాలని దస్తగిరికి తెలుసు. అద్దం లేదు. వంటగట్టు మీద కడప బండ ఉంది. కాగితం దానిమీదే పరిచాడు.

"ఏమయ్యా, ఆ బండ మధ్యలో లొత్త ఉంది. కడిగితే నీళ్లు అక్కడే నిలుస్తాయి."

"కడప బండకి లొత్తేంటే? ముందు నన్ను పని చేసుకోనీ."

ఆ అద్దెకొంపలో కాపురమున్న ఆడవాళ్లంతా అల్లం వెల్లుల్లి నూరీ నూరీ చేసిన లొత్త అది. చెయ్యి పెడితే కాశింబీకి తెలుస్తుంది, చూస్తే దస్తగిరికి కనపడదు. అతను రుద్దుతుంటే నా అంచులు అరిగాయి, నడుమ ఉబ్బుగా మిగిలింది. చదునయిందా లేదా అని చివరికి నన్ను అదే బండ మీద పెట్టి చూశాడు. ఇసుమంతైనా కదల్లేదు. ఎలా కదుల్తాను? ఆ లొత్తకి సరిపోయేలా అరగదీసింది తనేగా.

"చూడు, ఎట్టా అతుక్కుందో!" అన్నాడు. తన అనుమానం తప్పయినందుకు కాశింబీ సంతోషపడింది. అంత సంతోషం ఆమె మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆదివారం పొద్దున బోల్టులు బిగించాడు. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ముగ్గురూ ఎక్కి నరసరావుపేట రోడ్డున బయల్దేరారు. కాశింబీ చూపంతా ఇంజిన్ వేడి చూపించే ముల్లు మీదే. కాసేపటికి నా ఉబ్బు పక్కన మిగిలిన సందుల్లోంచి నీళ్లు కారి, ముల్లు లేచింది. వెనక తెల్లపొగ.

"ఆపయ్యా."

"మలుపు దాటనీ, చెట్టునీడన ఆపుతా."

ఆ మలుపు దాటేలోగా రెండు వాల్వుల మధ్య నేను నిలువునా చీలిపోయాను. అతుకుపెట్టే చీలిక కాదది. రోడ్డుపక్కనే బోల్టులు విప్పి దస్తగిరి నన్ను చూశాడు, భార్యని చూడలేదు.

సోమవారం బడిపిల్లలు ఇంకెవరి వ్యానులోనో ఎక్కారు. ఆ వారంలోనే దస్తగిరి బెంగుళూరు రైలెక్కాడు. పిల్ల చెయ్యి ఊపలేదు, దానికింకా రాదు.

పాతసామాను కొనే ముసలాయన తోపుడుబండిలో నన్నెక్కించుకుంటూ, "ఇంకేమన్నా ఉన్నాయామ్మా?" అని అడిగాడు.

"ఏం లేవు తాతా," అంది కాశింబీ, పిల్లని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ.

ఇప్పుడు వాళ్ల వీధి చివరే, పగిలిన గిన్నెల మధ్య పడున్నాను. రేపో మాపో కరిగిస్తారు. నాకు తలుపు గొళ్లెమయినా, సత్తుచెంబయినా ఒకటే. ఆ పిల్ల మాత్రం గుమ్మం ముందు ఏ వ్యాను హారన్ వినపడ్డా తల తిప్పి, అబ్బా అని తండ్రిని పిలవబోయి "బా" అంటోంది. కాశింబీ కాదని చెప్పటం కూడా మానేసింది.