ముందు అటు తలుపు

"అఫ్రీన్, చాయ్ ఏమాయె?" అత్త బానో నడిమి గదిలోంచి కేకేసింది.

బోయిగూడలోని ఆ ఇంటికి వరసగా మూడు గదులు. వెనక వంటిల్లు, వీధివైపు ముందు గది, రెంటికీ మధ్య అత్త పడుకునే చెక్క తఖ్తు వేసుకున్న గది. అఫ్రీన్ సంగతి ఏదైనా ఆ నడిమి గది దాటే బయటపడాలి. సగం అక్కడే ఇంకిపోతుంది.

యూనివర్సిటీలో ఆమె పరిశోధన కూడా, చిత్రం, ఇలాంటిదే. కాంతితో అల్లిన జాలకంలో, వరస గళ్ళలో, ఒక పరమాణువు క్వాంటం స్థితిని ఈ చివర నుంచి ఆ చివరికి చెదరకుండా చేర్చాలి. నింపాదిగా జరిపితే దారిలోనే చెడిపోతుంది, తొందరపెడితే నడిమి గడిలోకి చిందుతుంది. గడికీ గడికీ మధ్య అడ్డును తలుపు అనుకుంటే, ఎవరికైనా ముందు దగ్గరి తలుపు తీయాలనే తోస్తుంది. అది తప్పు. ముందు దూరపు తలుపు తీసి, ఆ తర్వాతే దగ్గరిది తీయాలి. అప్పుడు స్థితి నడిమి గడిలో నిలవకుండానే అవతలికి చేరుతుంది. తీసే చేయి కాస్త వణికినా పని చెడకుండా, ఆ రెండు తలుపులూ ఎంత త్వరగా తీయవచ్చో లెక్క కట్టింది ఆమే. ఒకసారి భర్త ఖలీల్‌కు చెప్పబోయింది. "గవి కంటికి కనిపిస్తయా? కనిపించనిదానికి గింత పరేషాన్ ఎందుకే, ముందు కూరల ఉప్పు చూడు," అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం.

నిరుడు బెంగళూరు ప్రయోగశాల వాళ్ళు రెండేళ్ళ పనికి పిలిచారు. కబురును తిన్నగా నడిమి గదికే తెచ్చింది. "చూద్దాం తియ్," అన్నాడు ఖలీల్. "నా మోకాళ్ళ తక్లీఫ్ జెర తగ్గనీ బేటా," అంది అత్త, ప్రేమగానే. ఆ ప్రేమనే అఫ్రీన్ కాదనలేకపోయింది. చూస్తూ చూస్తూ గడువు దాటిపోయింది. రొట్టెలు ఒత్తుతూ ఏడిస్తే జలుబనుకున్నారు.

ఈ ఉదయం బెంగళూరు వాళ్ళు మళ్ళీ రమ్మని రాశారు. పొయ్యి మీద చాయ్ మరుగుతుండగా చదివింది. అలవాటుగా కాళ్ళు నడిమి గది వైపే కదిలాయి. గడప దగ్గర ఆగిపోయింది. లెక్కల్లో ఇన్నేళ్ళుగా రాస్తున్నది బతుకులో ఒక్కసారైనా చేయలేదని తట్టింది. అక్కడే నిలబడి "వస్తున్నాను" అని జవాబు పంపింది. ఆ ఇంట్లో ఆ సంతోషం పంచుకోవడానికి ఒక్కరూ లేరు. కళ్ళు తుడుచుకుని చాయ్ వడపోసింది. అత్తకిచ్చింది, ఖలీల్‌కిచ్చింది.

"బెంగళూరుకు పోతున్న. వస్తున్నానని రాసేసిన."

ఖలీల్ కప్పు కింద పెట్టాడు. "ఎవర్నడిగి?"

"పోయినేడు మిమ్మల్నే అడిగిన గదా," అంది అఫ్రీన్. "గీసారి ముందు అటు తలుపు తీసొచ్చిన. ఇప్పుడు ఇటు తీస్తున్న."