సిస్టరమ్మ ఆట, లచ్చన్న చెయ్యి

మద్రాసు నుంచి అలహాబాదు దాకా పేరు మోసిన ఆడవాళ్ల టెన్నిస్ ఛాంపియన్‌ను ఓడించిన మొనగాడు మా మెట్‌పల్లి తాలూకా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. పేరు భోజన్న. చదువు ఊరిబడిలో ఐదో తరగతి. ఓడించింది దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో. అదీ రాకెట్ ముట్టకుండా, బోర్లించిన పెయింటు డబ్బా మీద కూర్చొని. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత తీరిక ఉండదు.

1983లో చలికాలం వెళ్లిపోతున్న రోజులు. మా గదిలో లచ్చన్న అని షట్టరింగ్ పనివాడు ఉండేవాడు. మా పక్క ఊరి మనిషే. మనిషి పొడుగు, మెడ ఇంకా పొడుగు. దుబాయ్ వచ్చి ఇంకా కొత్త కూడా పోలేదు, పరంజా మీది నుంచి జారి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో వేసి సిమెంటు కట్టు కట్టారు. ఎముక అతుకుతుంది, పాత బలం వస్తుంది, కాకపోతే ఓపిక పట్టాలి అన్నాడు డాక్టరు.

ఆ ఓపిక మా ముదీర్ దగ్గర లేదు. ముదీర్ అంటే కంపెనీలో మా అందరి మీదా పెద్ద. లెబనాన్ మనిషి, చెడ్డవాడు కాదు గానీ లెక్క మనిషి. వార్డులోకి వచ్చి లచ్చన్న కట్టు చూశాడు. అరబ్బీ, హిందీ కలిపి కొట్టి, "చెయ్యి లేదు, పని లేదు. ఖలాస్. ఇంటికి పంపేస్తాం" అన్నాడు.

లచ్చన్న కళ్లు తేలేశాడు. ఎందుకంటే ఊళ్లో ఇంటికి కప్పు లేదు. మొగుడు దుబాయ్ పోయాడు, ఇక స్లాబు పడ్డట్టే అనుకొని, అతని భార్య ఐలవ్వ పాత గూన పెంకులన్నీ దింపి దాయాదులకు పంచేసింది. నలుగురు పిల్లలతో ఆకాశం కింద పడుకుంటోంది. వానాకాలం వస్తే ఎట్లా?

"పెంకులన్న ఉంచకపోయిందేందిరా మీ ఐలవ్వ?" అన్నాను.

"నువ్వే గదనే భోజన్నా, దుబాయ్‌ల ఇసుక తవ్వితె సిమెంటు ఎల్తదని నిరుడు ఊర్లె చెప్పినవు! అది నమ్మింది" అన్నాడు లచ్చన్న.

చెప్పాను కాబోలు. నా నోటికి గేటు లేదు.

ఆ వార్డులో సిస్టరు జ్ఞానకుమారి. చీరాల మనిషి, నలభై దాటిన వయసు, తెల్ల బట్టలు, తెల్ల కాన్వాసు బూట్లు. ఎడమ మోకాలు కాస్త ఈడ్చి నడిచేది. లచ్చన్నకు రోజూ నేనే అన్నం తీసుకుపోయేవాణ్ణి. ఒకరోజు ఆమె కట్టు సవరిస్తుంటే చూసి అడిగాను.

"సిస్టరమ్మా, తప్పు పట్టకుండ్రి. మీ కుడి చెయ్యి ఎడమ చేతికి అక్క లెక్క ఉన్నది. గంత లావు ఎట్లయింది? ఏం మోసిండ్రు?"

"మొయ్యలేదయ్యా, కొట్టాను" అంది.

"ఎవల్ని?"

"బంతుల్ని."

అట్లా మొదలై కొన్ని సాయంత్రాలలో ఆమె కథంతా బయటపడింది. వాళ్లమ్మ చీరాల మిషన్ కాంపౌండులో వంటమనిషి. అక్కడి దొరసానికి టెన్నిస్ పిచ్చి, ఆడటానికి జత లేదు. వంటింటి గుమ్మంలో చింతపండు తీస్తున్న పిల్లకు పాత రాకెట్ ఇచ్చి ఎదురుగా నిలబెట్టింది. వల చిరిగిపోతే వాడరేవు నుంచి చేపల వల తెచ్చి కట్టారట. ఉప్పుచేపల వాసన వస్తే తప్ప నాకు బంతి తగలదయ్యా అనేది సిస్టరమ్మ. పదహారో ఏట గుంటూరులో గెలిచింది. ఆ తర్వాత మద్రాసు, కలకత్తా, బెంగుళూరు. రైల్లో మూడో తరగతి పెట్టెలో, చెక్క చట్రంలో బిగించిన రాకెట్‌ను చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని తిరిగింది.

"మరి మస్తు పైసలిచ్చిండ్రా?" అన్నాను.

"పైసలా! ఆ రోజుల్లో ఆటకి పైసా పుచ్చుకుంటే ఆట లోంచి వెలేసేవారయ్యా. గెలిస్తే ఓ కప్పు, తాగడానికి ఇంకో కప్పు టీ. అంతే. ఓ కప్పులో మా అమ్మ కల్లుప్పు పోసింది. ఆ ఉప్పు వెండి పూతంతా తినేసింది. కలకత్తాలో నేను గెలిచిందంతా ఆవకాయలో కలిసిపోయింది."

నవ్వుతూనే అలహాబాదు సంగతి కూడా చెప్పింది. అక్కడ ఫైనల్ గెలిస్తే ఓడెక్కించి లండన్ పంపుతామన్నారట. ఆఖరి బంతి ఈమె కొట్టింది, అంపైరు గీత లోపలే పడిందన్నాడు, గెలిచావన్నాడు. ఈమె వెళ్లి, కాదండీ, జానెడు బయట పడింది, నేను చూశాను అంది. మళ్లీ ఆడారు. ఓడిపోయింది.

"ఓడిపోయిండ్రు, ఓడా పోయింది" అన్నాను.

"అద్గదీ. ఆ తర్వాత నర్సు ట్రైనింగులో చేరాను. కప్పులు కడుపు నింపవు గదా."

ఇంత సరుకు చేతిలో పడ్డాక నా నోరు ఊరుకుంటుందా? ఇంటికి పంపే కాగితాల మీద లచ్చన్న చేత సంతకం చేయించడానికి ముదీర్ మళ్లీ వచ్చాడు. ఆయన భార్యకు టెన్నిస్సే ప్రాణం. కంపెనీ ఆఫీసర్ల క్లబ్బులో ఏటా కప్పు ఆమెదే. మేడమ్‌ను ఓడించే ఆడది ఈ దుబాయ్‌లో లేదని ముదీర్ సైటులో సిమెంటు బస్తాలకు కూడా చెప్పేవాడు. ఆ రోజూ అదే మాట ఎత్తాడు, నేను అడ్డం పడ్డాను.

"ముదీర్ సాబ్, ఉన్నది. ఈ వార్డులనే ఉన్నది. ఈమె బంతి కొడితె కలకత్తాల లేచి కటకంల పడుతది."

ముదీర్ సిస్టరమ్మను పైకీ కిందికీ చూశాడు. మోకాలి దగ్గర చూపు ఆగింది. పడీపడీ నవ్వాడు. "యల్లా, కానియ్! శుక్రవారం ఆడమను. నా భార్యను ఓడిస్తే నీ దోస్తును చెయ్యి బాగయ్యేదాకా స్టోర్‌లో కూర్చోబెడతా. ఓడితే విమానం ఎక్కిస్తా."

సిస్టరమ్మ నా మీదికి ఇంజెక్షన్ సూదితో లేచింది.

"ఏవయ్యా భోజన్నా, బుద్ధుందా నీకు? నా జన్మలో పందేనికి ఆడలేదు. ఇప్పుడీ మోకాలేసుకుని ఓ మనిషి బతుకు మీద ఆడమంటావా? ఓడిపోతే ఆ పాపం ఎవరిది?"

"పందెం మాది సిస్టరమ్మా. మీది ఉత్త ఆట."

"చాల్లే, కబుర్లు!"

కోపంగా లచ్చన్న మంచం దగ్గరికి వెళ్లింది. "ఇంటికి పోతే ఏమవుద్ది బాబూ? అక్కడా ఎముక అతుక్కుంటుంది గదా" అని అడిగింది. లచ్చన్న పెంకుల సంగతి చెప్పాడు. ఆమె అతని దుప్పటి సర్దింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"నా రాకెట్ తీగలు తెగిపోయి చాలా కాలమయింది. క్లబ్బులో ఎవరిదైనా దొరుకుద్దేమో కనుక్కో" అంది.

శుక్రవారం ఎండ వాలాక ఆట. కోర్టు ఆఫీసర్ల క్వార్టర్ల వెనక, చుట్టూ ఇనుప కంచె. క్యాంపు నుంచి కంపెనీ బస్సులో డజను మందిమి వెళ్లాం. అప్పటికే ఆసుపత్రి నుంచి క్యాంపుకు వచ్చేసిన లచ్చన్న మాత్రం రాలేదు. నా కళ్లతో చూడలేనంటూ దుప్పటి ముసుగేసుకొని క్యాంపులోనే పడుకున్నాడు. కంచె అవతల ఎక్కడి నుంచో ఒక ఒంటె వచ్చి నిలబడింది. మెడ సాచి, లోపలికే చూస్తూ, ఏమీ లేని నోరు నములుతోంది.

క్లబ్బు చూసుకునే లాల్ అహ్మద్ అంపైరు. గీత దగ్గర కూర్చొని, బంతి బయట పడితే "ఔట్" అనమని నన్ను డబ్బా మీద కూర్చోబెట్టారు. లాల్ అహ్మద్ మొదట్లోనే "ఫిఫ్టీన్, లవ్" అని గట్టిగా అన్నాడు. మావాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు.

"లవ్ అంటె ఏంది సిస్టరమ్మా, గింత మంది ముంగట?"

"సున్నా అని అర్థం. నోర్మూసుకుని గీత చూడు."

"అయితె మా కిష్టవ్వ మీద నాది లవ్వే" అన్నాను. కిష్టవ్వ నా భార్య. ఆ మాట ఎవడో ఊరికి, ఆమెకే ఉత్తరంలో రాసి పంపాడు, దాని కథ వేరే.

మేడమ్ వయసులో చిన్నది, ఉక్కు రాకెట్, బంతి కొడితే కంచె మోగేది. సిస్టరమ్మ సల్వారు కమీజు, ఆసుపత్రి బూట్లు, అడిగి తెచ్చిన చెక్క రాకెట్. మొదటి సెట్టు చూస్తుండగానే పోయింది. ముదీర్ నా వైపు తిరిగి చేతిని విమానంలా పైకి లేపాడు.

రెండో సెట్టులో సిస్టరమ్మ పరుగు మానేసింది. పరుగంతా మేడమ్‌తో పెట్టించింది. ఒక బంతి ఈ మూల, ఒక బంతి ఆ మూల, మధ్యలో వల దాటగానే ప్రాణం విడిచే బంతి ఒకటి. చీరాల దొరసాని నేర్పిన బంతి అట అది. మేడమ్ కొంగలా పరిగెత్తుకొచ్చేసరికి బంతి నేల మీద పండుకునేది. బంతి ఎటు పోతే ఒంటె మెడ అటు. ఆ సెట్టు మనది.

మూడో సెట్టు సమంగా నడిచి నడిచి, చివరికి సిస్టరమ్మకు ఒక్క బంతి గెలిస్తే చాలన్న చోటికి వచ్చింది. మోకాలు వాచింది, సల్వారు పైనుంచే కనబడుతోంది. ఆమె బంతి ఎగరేసింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మా బస్సు కదిలింది.

మా డ్రైవరు ఇమామ్ హుస్సేన్ కన్నతండ్రి కోసం కూడా ఆగేవాడు కాడు. బస్సు తప్పితే ఇసుకలో క్యాంపు దాకా నడకే. ఆలోచన లేదు, ఏమీ లేదు, నోరు తెరుచుకుంది.

"బస్! బస్!" అని అరిచాను.

మా తెలుగోళ్లకు అది బస్సు. అరబ్బీ మనిషికి బస్ అంటే చాలు, ఆపు అని. ఆ మాట చెవిన పడగానే మేడమ్ రాకెట్ దించేసింది. బంతి ఆమె పక్కనుంచి పోయి కంచెకు తగిలింది. లాల్ అహ్మద్‌కు నా అరుపు లెక్కలో లేదు. ఆట సిస్టరుదే అని చెప్పేశాడు. మావాళ్లు తువ్వాళ్లు ఎగరేశారు. ముదీర్ చిన్నబోయినా లేచి, "ఖలాస్, మాటంటే మాట" అంటూ చెయ్యి కలపడానికి వస్తున్నాడు. లచ్చన్న గట్టెక్కాడు! ఐలవ్వ గట్టెక్కింది!

"లేదండీ" అంది సిస్టరమ్మ. "మా వాడు అరిచాడు, ఆవిడ ఆగింది. ఇది చెల్లదు. మళ్లీ ఆడతాను."

నా గుండె జారి డబ్బాలో పడింది. అలహాబాదు! ఓడను మింగిన గుణమే ఇప్పుడు లచ్చన్న ఇంటి కప్పును మింగబోతోంది. వల దగ్గరికి ఉరికాను.

"సిస్టరమ్మా, నీ కాల్మొక్త! గెలిచినం గద! ఊకోరాదు?"

"నువ్వు గెలిచావేమో. నేనింకా గెలవలేదు" అంది. చెమట తుడుచుకుంటూ మెల్లగా మళ్లీ అంది: "ఆ రోజుల్లో మేం ఇంటికి పట్టుకెళ్లింది ఇదొక్కటేనయ్యా. దీన్ని కూడా ఉప్పులో పొయ్యమంటావా? వెళ్లి కూర్చో."

మళ్లీ ఆడింది. ఆ బంతి పోగొట్టుకుంది. వలకు కొట్టింది.

అదీ సంగతి. నేను ఛాంపియన్‌ను ఓడించింది ఆ ఒక్క బంతితో. నా అరుపు లేకపోతే ఆ బంతి ఆమెదే. ఇంతకంటే గొప్పగా ఓడించినవాడు మా తాలూకాలో ఉంటే చెప్పండి, డబ్బా దిగిపోతాను.

ఆ తర్వాత చాలాసేపు ఇటు ఒకటి, అటు ఒకటి. నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాను. గీత మీద ఏది పడిందో, ఏది పడలేదో నన్ను అడక్కండి. చివరికి మేడమ్ బలంగా ఒకటి కొట్టి, తిరుగు బంతి కోసం వెనక్కి, దూరంగా జరిగి నిలబడింది. సిస్టరమ్మ రాకెట్ భుజం మీదికి ఎత్తింది. ఎత్తినదాన్ని, చంటిపిల్ల నోట్లో ఉగ్గు పెట్టినంత మెత్తగా దించింది. బంతి వల మీద కూర్చుంది. ఆలోచించుకుంది. అవతలికి దిగి పండుకుంది.

మేడమ్ సగం దూరం వచ్చి ఆగి, నవ్వి, వల దాటొచ్చి సిస్టరమ్మను కౌగిలించుకుంది. ముదీర్ తల గోక్కున్నాడు. "రేపటి నుంచి నీ దోస్తు స్టోర్‌లో. ఎడమ చేత్తో మేకులు ఇమ్మను" అన్నాడు. కంచె దగ్గర ఒంటె కళ్లు ధారగా కారుతున్నాయి. ఇసుక పడిందేమో అనుకున్నాను.

డబ్బా మీద కూర్చొనే అమ్మయ్య అన్నాను. దుబాయ్ వచ్చాక అంత పొడుగు ఊపిరి నేను తీసింది లేదు.

బస్సు ఎక్కడికీ పోలేదు. ఇమామ్ హుస్సేన్ దాన్ని నీడలోకి తిప్పి, పైకెక్కి ఆట చూస్తున్నాడు.

"ఏం లొల్లి పెట్టినవ్‌రా భోజన్నా? బండి నీడకు పెట్టుకోవద్దా?" అన్నాడు.

సిస్టరమ్మ మోకాలికి మంచుగడ్డ కట్టింది మేడమే. ఆ తర్వాత శుక్రవారాలు ఇద్దరూ కలిసే ఆడేవారు, పందెం లేకుండా. లచ్చన్న చెయ్యి అతికింది. వానలకు ముందు ఐలవ్వ ఇంటికి రేకులు పడ్డాయి, తర్వాత స్లాబు కూడా పడింది.

ఆ స్లాబు కిందే కూర్చొని ఇది రాస్తున్నాను. లచ్చన్న లోపల మనవరాలికి అన్నం పెడుతున్నాడు, అందుకని గబగబా ఒక నిజం చెప్పి ముగిస్తాను. చేపల వల నిజం, బస్సు నిజం, చచ్చిన బంతి నిజం. ఒంటె మాత్రం నా కల్పన. అక్కడ ఒంటె లేదు. లచ్చన్న దుప్పటి ముసుగులో పడుకోనూ లేదు. కంచె పట్టుకొని, ఆ పొడుగు మెడ సాచి, బంతి ఎటు పోతే అటు తిప్పుతూ, ఏమీ లేని నోరు నములుతూ, చివర్లో కళ్లు కార్చుకున్నది వాడే. ఉన్నదున్నట్టు రాస్తే కొడతాడని ఒంటెను పెట్టాను. చెయ్యి బాగా అతికింది మరి.