దయ్యానికిచ్చిన మొహం

"లైటేసుకో. పళ్లు తప్ప నువ్వెక్కడున్నావో తెలియట్లేదు" అన్నాడు భర్త, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి.

పెళ్లైన కొత్తలో మొదలైన మాట. ఇప్పటికీ అదే అంటాడు, అప్పటిలాగే నవ్వుతాడు. పొయ్యిగట్టు తుడుస్తున్న ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే హాల్లోంచి అత్తగారు అందుకుంటుంది. "సరదాకి అన్నా మూతి ముడిస్తే ఎలా అమ్మాయ్? వాడికి నువ్వంటే ఎంత ఇష్టమో నీకేం తెలుసు!" అంత ఇష్టమున్నవాడు తాగిన గ్లాసు తనే కడిగి పెట్టొచ్చుగా అని మనసులో అనుకుంటుంది. పైకి మాత్రం "పర్వాలేదండీ" అంటుంది. ఆ ఒక్క మాటతోనే ఇన్నాళ్లూ సంసారాన్నీ ఉద్యోగాన్నీ లాక్కొచ్చింది.

ఉద్యోగం చిన్నదేం కాదు. వీడియో గేముల్లో మనుషులకు చర్మం తొడుగుతుంది. కంప్యూటర్లో బొమ్మ ఆమె దగ్గరికి వచ్చేసరికి సున్నపు గోడలా పాలిపోయి ఉంటుంది. దానికి రంగు, ముడతలు, పుట్టుమచ్చ, ముక్కు పక్కన జిడ్డు, అన్నీ ఈమె చేతిమీదుగానే రావాలి. ఆమె చేసిన చర్మం చూస్తే గిల్లి చూడాలనిపిస్తుందని ఆఫీసులో అంటారు. "ఏవో బొమ్మలకు రంగులేస్తుందిట" అని అత్తగారు పక్కింటావిడకు చెబుతుంది.

ఈసారి గేము దయ్యాలది. పాడుబడ్డ బంగళా, తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి, ఆ అమ్మాయి వెంటపడే దయ్యం. మోడళ్లను పిలిపించే తీరిక లేక, ఆఫీసువాళ్ల మొహాలే వాడేద్దామన్నాడు టీమ్ లీడర్. చుట్టూ కెమెరాలు బిగించిన కుర్చీలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. "మీది చాలా కీలకమైన పాత్ర మేడమ్" అన్నాడు ఈమెతో. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ సాయంత్రం ఇంటికి వస్తూ ఆమె కాస్త మురిసిపోయింది. ఏ డాక్టరమ్మో, పోలీసమ్మో అయ్యుంటుందనుకుంది.

మర్నాడు తెలిసింది. రిసెప్షన్లో కూర్చునే తెల్లటి అమ్మాయి కథానాయిక అయింది. టీమ్ లీడర్ తనే డాక్టరైపోయాడు. ఈమె మొహం దయ్యానికి వెళ్లింది. బతికున్నప్పుడు అది ఆ బంగళాలో పనిమనిషి. ఎక్కడో అడవిజాతి మనిషి, చేతబడి చేసి యజమాని పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. చచ్చాక కూడా ఇల్లు ఊడుస్తూనే ఉంటుంది. చీపురు చప్పుడు వినపడితే ఆడేవాళ్లు పరుగెత్తాలి.

"ఏ జాతండీ?" అని కథ రాసినాయన్ని అడిగిందామె.

"ఏదో ఒకటి లెండి. భయమేస్తే చాలు."

కథానాయికకు పేజీలకొద్దీ మాటలున్నాయి. దయ్యానికి మాత్రం ఒక మూలుగు, అర్థంలేని నాలుగు మంత్రాలు. అవి ఏ భాషవో రాసినవాడికే తెలియదు.

"ఇంకాస్త ముదురు చెయ్యండి. భయం రావట్లేదు" అన్నాడు టీమ్ లీడర్, ఆమె భుజం మీదుగా తెర చూస్తూ. ఆమె తన బుగ్గలను తనే నల్లబరిచింది. పెదవులు లావు చేసింది. కళ్లలో తెలుపు పెంచింది. "అద్భుతం!" అన్నాడు. పెళ్లి సంబంధాలకు పంపిన ఫొటోలో స్టూడియోవాడు ఇవే బుగ్గల్ని తెల్లబరిచాడు. అసలు నీ రంగేమిటమ్మా అని ఆమెను అడిగిన నాథుడు లేడు.

ఆనాటి నుంచి ఇంట్లో ఆమె ఒక్కతే ఊడవడం లేదు. తను హాలు ఊడుస్తుంటే వెనక గదిలో ఇంకో చీపురు కదిలేది. తను ఆగితే అదీ ఆగేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఎవరో ఏదో చెప్పబోయి, నోట మాటలేక నిలబడిపోయినట్టు మాత్రం తెలిసేది. ఆమెకు భయం వేయలేదు. జాలి వేసింది, ఆ తర్వాత సిగ్గేసింది.

అంతా అయ్యాక చిక్కొచ్చి పడింది. ఏ జాతినీ, ఏ రంగువాళ్లనీ కించపరచలేదు కదా అని గేము కొనబోయే పెద్ద కంపెనీవాళ్లు అడిగారట. సోమవారం వాళ్లతో వీడియో మీటింగు.

"మీరొచ్చి కూర్చోండి మేడమ్. తప్పేం లేదని మీ నోటితో ఒక్క మాటంటే వాళ్లిక కిక్కురుమనరు. మీ ప్రమోషన్ సంగతి కూడా ఆ తర్వాత చూద్దాం" అన్నాడు టీమ్ లీడర్.

తన నోటితోనే ఎందుకో ఆమె అడగలేదు. తెలుస్తూనే ఉంది. "పర్వాలేదండీ, వస్తాను" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే హాల్లో కర్టెన్లు లాగిన చప్పుడైంది. ఆడి చూడమని ఆఫీసువాళ్లు ఇచ్చిన గేమును భర్త టీవీకి తగిలించాడు. "రా బంగారం, మీ అమ్మని చూపిస్తా" అని కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఒకటో తరగతి పిల్ల. ఆమె తడిచేతులతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, తెరమీద చీకటి వరండాలో ఎవరో నడుం వంచి ఊడుస్తున్నారు. పరుగెత్తాల్సిన చోటది.

పిల్ల పరుగెత్తలేదు. "అమ్మ!" అంది మొహమంతా నవ్వుతో. "అమ్మ ఒక్కతే ఊడుస్తోంది నాన్నా." బటన్లు నొక్కుకుంటూ నేరుగా దయ్యం దగ్గరికే నడిచింది. దయ్యం తలతిప్పి, పిల్లను ఎత్తుకోవడానికి ఆమె చాచినట్టే రెండు చేతులూ చాచింది. చాచి గొంతు పట్టుకుంది. తెరంతా ఎర్రబడింది. పిల్ల కెవ్వుమంది.

"చూశావా, అమ్మ దగ్గరికెళ్తే ఏమవుతుందో!" పొట్ట పట్టుకుని నవ్వాడు తండ్రి.

"ఆపండి" అందామె.

"అబ్బ, ఆటేగా!"

చీకటి పడుతుండగా ఆమె వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. లైటు వేసి లేదు. చేతిలో చీపురుంది. సోఫాలో ఆడుకుంటున్న పిల్ల తలెత్తి చూసి, కాళ్లు ముడుచుకుని వెనక్కి జరిగింది.

"నాన్నా, లైటెయ్" అంది చిన్నగా.

లైటు వెలిగింది. పిల్ల ఆమె మొహంకేసి చూసి, ఇంకాసేపు చూసి, అప్పుడు నవ్వింది. జ్వరమొచ్చినా, పీడకలొచ్చినా చీకట్లో తడుముకుంటూ వచ్చి తన మెడ కరుచుకునే పిల్ల! పళ్ల జోకుకు రాని కోపం, స్టూడియోవాడి మీద రాని కోపం ఇప్పుడొచ్చింది. చీపురు మూలన పెట్టి, ఊడవకుండానే వెళ్లి పిల్ల పక్కన పడుకుంది.

సోమవారం మీటింగులో టీమ్ లీడర్ ఆమెను చూపించాడు. "మా సీనియర్ ఆర్టిస్టు. ఆవిడ కూడా... అంటే, ఆ రకంగా..." అని నీళ్లు నమిలి, "ఆవిడకేం అభ్యంతరం లేదు" అని తనే ముగించేశాడు.

"ఆవిడనే చెప్పనివ్వండి" అంది తెరమీద ఒకావిడ.

ఆ పాత "పర్వాలేదండీ" ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడో వెనకాల చీపురు చప్పుడు ఆగింది.

"అభ్యంతరం ఉంది" అందామె.

"మేడమ్, ఈ నెలాఖరుకి గేము బయటికెళ్లాలి. ఇప్పుడు మొహం మార్చాలంటే..." టీమ్ లీడర్ గొంతు తగ్గించాడు.

"ఇంకో నల్లమొహం తెచ్చి అతికిస్తే కుదరదండీ. ముందు ఆ మనిషి ఎవరో, ఏం మాట్లాడుతుందో తెలుసుకుని రాయండి." ఆమె తెరమీది ఆవిడవైపు తిరిగింది. "నా మొహం మాత్రం నాకిచ్చెయ్యండి. చీకట్లో మా పాప వెతుక్కునేది దాన్నే."