నువ్వుగింజంత గాటు

అన్యాయం ఎవరికి జరిగింది? సానమేస్త్రికి. చేసినదెవరు? తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, దొంగ తూకపురాయిని అరచేతిలో పెట్టుకోగానే పసిగడతాడని పేరు తెచ్చుకున్న ఇన్‌స్పెక్టరు. ఎలా చేశాడు? మేస్త్రి తన చేతులతో చేసి తెచ్చిన మడత చాకును నలుగురిలో పైకెత్తి, ఇది దొంగ సరుకు అన్నాడు.

పద్నాలుగేళ్ళ కిందటి మాట అది. చాకులు సేకరించేవారి సంఘానికి ఇన్‌స్పెక్టరు అధ్యక్షుడు. ఏడాదికొకసారి గ్రంథాలయం మేడమీది గదిలో పొడవాటి బల్లపై ఆకుపచ్చ గుడ్డ పరిచి, ఒక వరుసలో పాత చాకులు, ఇంకో వరుసలో కొత్తవి పేర్చి పోల్చి చూసేవారు. పాతవన్నీ ఊళ్ళో మూతపడిన చాకుల కార్ఖానావి. కొత్తవి బజారువి. పేరుకు పోలికే గాని తీర్పు ముందే ఖాయం. పాత చాకు మూస్తే గడియ పడినట్టు ‘టక్’ మంటుంది. కొత్తది తడిచెప్పు నేలకు తగిలినట్టు ‘చప్’ మంటుంది. సంఘంలో హాస్యానికి పెట్టింది పేరైన పళ్ళ డాక్టరు కొత్త చాకు ఒకటి మూసి చూసి, “దీని స్ప్రింగు కంటే మా అల్లుడి వెన్నెముకే నయం” అని ఏటా అదే మాట అనేవాడు, ఏటా అందరూ నవ్వేవారు.

ఆ ఏడు మేస్త్రి వచ్చాడు. కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు సానరాయి ముందు కూర్చున్న మనిషి. అది మూతపడ్డాక ఇంటి వెనుక రేకుల షెడ్డులో సొంతంగా చాకులు చేయడం మొదలుపెట్టాడు. అందులో మొదటిదాన్ని చేతిరుమాలులో చుట్టి తెచ్చి, కొత్తవాటి వరుసలో చివర పెట్టాడు. అతని కూతురు వెనుక కుర్చీలో కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు దాన్ని తెరిచి మూశాడు. టక్. మళ్ళీ తెరిచి మూశాడు. టక్.

“ఇది కొత్తది కాదు” అన్నాడు.

“కొత్తదేనండి. నేనే చేశాను.”

“కార్ఖానా బ్లేడుకి ముద్ర అరగదీసి పిడి మార్చారు. కొత్త చాకు ఇలా పలకదు మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళు దొంగ రాళ్ళు పట్టినవాణ్ణి, నాకు చెప్తారా?”

“మీరు పట్టింది రాళ్ళండి. ఇది చాకు.”

గది గొల్లుమంది. ఆ నవ్వు ఇన్‌స్పెక్టరుకు ముల్లులా గుచ్చుకుంది. అప్పటివరకు అనుమానంగా ఉన్నది ఆ క్షణాన తీర్పుగా గట్టిపడింది.

“రివిట్లు కొట్టి రెండూ విప్పండి” అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. “నాదీ, మీ జేబులో ఉన్న పాతదీ. స్ప్రింగు కింద చూడండి. నిజం అక్కడుంది.”

సేకరించేవారి లోకంలో ఇంతకన్నా అపచారం లేదు. కార్ఖానా బిగించిన రివిట్టును ఒకసారి కదిలిస్తే ఆ చాకు పరువు పోయినట్టే. దాన్ని తర్వాత ఎవరూ బల్లమీదికి రానివ్వరు. అందుకే వారిలో ఎవరూ తమ చాకుల లోపలి భాగాన్ని ఏనాడూ చూడలేదు. చూడకపోవడమే భక్తి అనుకున్నారు.

“మీ అబద్ధం కోసం నా నిజాన్ని విప్పాలా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేస్త్రి చాకును బల్లమీదే వదిలి, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ చాకును అద్దాల బీరువాలో పెట్టి, ‘ముద్ర చెరిపిన నకిలీ’ అని ఇన్‌స్పెక్టరు తన గుండ్రటి దస్తూరితో చీటీ రాశాడు. సంఘం అచ్చువేసిన చిన్న పుస్తకంలో, పదిహేడో పేజీలో, మేస్త్రి పేరుతో సహా ఆ సంగతి ఎక్కించాడు. నలభై ప్రతులు వేయించి సభ్యులకు ముప్ఫై తొమ్మిది పంచాడు. నలభయ్యోది మేస్త్రికి రిజిస్టరు పోస్టులో పంపాడు. తీర్పు నకలు ముద్దాయికి అందడం పద్ధతి గదా!

ఈ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక ఉదయం ఇన్‌స్పెక్టరు పెన్సిలు చెక్కుతుంటే అతని ప్రాణప్రదమైన పాత చాకు చెయ్యి జారి రాతి గడప మీద పడింది. రివిట్టు తల విరిగి, స్ప్రింగు పక్కకు ఒరిగింది. అతను దాన్ని దోసిట్లోకి ఎత్తుకున్న తీరు చూసి భార్య వంటగది గుమ్మంలోంచి, “కట్టుకున్నదాన్ని ఏనాడైనా అలా రెండు చేతులతో పట్టుకున్నారా?” అంది. అతనికి నవ్వు రాలేదు.

బస్టాండు మెట్ల కింద కొట్టులో తాళాలు బాగుచేసే ఆమె ఉంది, చెయ్యి మంచిదని ఎవరో చెప్పారు. ఆమె చాకును వెలుతురుకు పట్టి చూసింది.

“పూర్తిగా విప్పాలండీ. మీలాంటివాళ్ళు విప్పనివ్వరుగా?”

“విరిగినదానికి పరువేముందమ్మా. విప్పు.”

సన్నటి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టింది. పిడి రెండు చెక్కలూ విడిపోయాయి. ఆమె చెయ్యి హఠాత్తుగా ఆగింది. స్ప్రింగు లోపలి అంచున, బయటికి ఎన్నటికీ కనిపించని చోట, నువ్వుగింజంత గాటు ఒకటి వాలుగా ఉంది.

“ఇది మా నాన్న గాటు” అంది.

ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు.

“కార్ఖానాలో సానవాళ్ళు పేరు వేసుకోకూడదండీ. సరుకు తిరిగొస్తే ఎవరి చేతిదో తెలీక అందరికీ తిట్లు పడేవి. అందుకని నాన్న తను చేసిన ప్రతిదాని లోపలా ఈ గాటు పెట్టేవాడు. తప్పొస్తే తన దగ్గరికే రావాలి, పక్కవాడి మీదికి పోకూడదని.” ఆమె తలెత్తింది. “మీరు గుమ్మంలో నిలబడి ‘ఎవరమ్మా లోపల’ అన్నప్పుడే గుర్తుపట్టాను. ఆ రోజు వెనక కుర్చీలో ఉన్నది నేనే. మొహం మర్చిపోతామేమో గాని అలాంటి గొంతు మర్చిపోంలెండి.”

ఇన్‌స్పెక్టరు ఆ గాటును గోటితో తడిమి, “ఒక్క నమూనా చాలదు” అన్నాడు. ఆ మాట ఆమెతో అన్నది కాదు, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం నోట పలికిన మాట. “మూడు చూడాలి. అప్పుడు చూసి ఉంటే...”

మరునాడు అతను తన పెట్టెలోంచి మరి రెండు పాత చాకులు తెచ్చాడు. రివిట్లు చెక్కుచెదరనివి, సంఘంలో అందరూ కన్నేసినవి. దారిలో సంఘం బీరువా తాళం తీసి మేస్త్రి చాకు కూడా తెచ్చాడు. ఆమె ఒక్కొక్కటే విప్పుతుంటే పక్కనే స్టూలు మీద కూర్చుని, ఒక్కో సుత్తి దెబ్బనూ దవడ బిగించి భరించాడు. మొదటిదానిలో గాటు ఉంది. మేస్త్రి చాకులో అదే గాటు, అదే వాలు; బ్లేడు మీద ముద్ర అరగదీసిన జాడ మాత్రం ఎక్కడా లేదు. మిగిలిన పాతదానిలో లేదు.

గాటు లేని ఆ చాకు అతనికి బాగా తెలుసు. అది ఏనాడూ సరిగ్గా పలకలేదు. మూసినప్పుడల్లా చివర సన్నగా ‘చప్’ మనేది. వయసు మీదపడింది పాపం అని సర్దుకున్నాడే గాని ఎవరి చేతా ఒక్క మాట అననివ్వలేదు. పాతదన్న గౌరవంతో దాని లోపాన్ని క్షమించాడు. కొత్తదన్న అనుమానంతో దీని గుణాన్ని శిక్షించాడు. ఇన్నేళ్ళూ అతను ప్రేమించినది పాతదనాన్ని కాదు, ఒక మనిషి చేతిని. ఆ చేతినే పట్టుకుని బయటికి గెంటాడు.

ఆ ఏటి సమావేశంలో ఆకుపచ్చ గుడ్డ మీద పాత వరుస, కొత్త వరుస లేవు. విప్పిన చాకుల ముక్కలు ఉన్నాయి, పక్కన ఒక భూతద్దం ఉంది. సభ్యులు శవాన్ని చూసినట్టు వెనక్కి జరిగారు.

“అధ్యక్షా, ఎంత పని చేశావయ్యా!” అన్నాడు పళ్ళ డాక్టరు. “పెరటి చెట్టు మందుకు పనికిరాదని తేల్చింది నువ్వు. ఇప్పుడు వేళ్ళు తవ్వి చూపిస్తావా?”

“చూపిస్తాను. చూడండి.”

అందరూ చూశారు. తర్వాత ఇన్‌స్పెక్టరు, ఆనాడు నిలబడిన చోటనే నిలబడి, అదే గొంతుతో, “ఈ చాకు మేస్త్రి చేశారు. దొంగ అన్నది నేను. అది అబద్ధం” అన్నాడు. వెనుక కుర్చీలో తాళాలామె ఒక్కతే కూర్చుని ఉంది.

“నాన్న రానన్నాడండీ” అంది. “‘నన్ను అన్నప్పుడు అందరూ విన్నారు. ఇప్పుడూ అందరూ వింటున్నారో లేదో చూసిరా’ అన్నాడు.”

“విన్నారని చెప్పు తల్లీ. చదివారని కూడా చెప్పే రోజు వస్తుంది.”

అతను సవరణ చీటీలు నలభై అచ్చువేయించాడు. గుమ్మం గుమ్మం ఎక్కి, పదిహేడో పేజీ మీద స్వయంగా అతికించాడు. ఇద్దరు సభ్యులు చనిపోయారు. వాళ్ళ ఇళ్ళలో అటకలు ఎక్కి వెతికాడు. ఒక ప్రతిని మంచం కోడు ఎత్తు సరిపోక కింద పెట్టుకున్నారు, దాన్నీ లాగాడు. మూడు నెలలు పట్టింది. ముప్ఫై తొమ్మిదయ్యాక, తిరిగి బిగించిన మేస్త్రి చాకును చేతిరుమాలులో చుట్టుకుని, జిగురు సీసాతో మేస్త్రి ఇంటికి వెళ్ళాడు.

మేస్త్రి షెడ్డులో ఉన్నాడు. సానరాయి మీద గోనె కప్పి ఉంది. పక్కన పలక మీద సగం అరిగిన బ్లేడు ఒకటి తుప్పుపట్టి పడుంది.

“అదేమిటి?”

“రెండు చాకులు కావాలన్న మనిషికి మొదలెట్టింది. మీ పుస్తకం చూసి వద్దన్నాడు. అక్కడే ఆపేశాను.” మేస్త్రి తన చేతుల్ని చూపించాడు. అవి వణుకుతున్నాయి. “ఇప్పుడు అడిగినా చెయ్యలేనయ్యా. దానికీ వీటికీ ఒకేసారి తుప్పు పట్టింది.”

ఇన్‌స్పెక్టరు నలభయ్యో ప్రతి అడిగాడు. మేస్త్రి గూట్లోంచి తీశాడు. అది వచ్చిన కవరులోనే ఉంది.

“అతికించే ముందు చదవండి” అన్నాడు. “అప్పుడు గట్టిగానే అన్నారుగా.”

ఇన్‌స్పెక్టరు నిలబడి సవరణను గట్టిగా చదివాడు. పొరుగింటి కిటికీ తెరుచుకుంది. చదవడం పూర్తయ్యాక చీటీ అతికించి, చాకును అందించాడు. మేస్త్రి గోరుతో బ్లేడు తెరవబోయాడు. స్ప్రింగు బలం వేళ్ళకు లొంగలేదు. ఇన్‌స్పెక్టరు తెరిచి ఇచ్చాడు. మేస్త్రి అరచేతితో మూశాడు.

టక్.

“అప్పుడిది కొత్తదన్న పాపానికి దొంగదైంది” అన్నాడు మేస్త్రి. “ఇప్పుడు పాతదయిందిగా! ఇక మీ సంఘం వాళ్ళు మెచ్చుకుంటారులే.”

ఆ మాటకు ఇన్‌స్పెక్టరు తల వంచాడు. చీటీ అంచు పైకి లేస్తుంటే బొటనవేలితో అదిమిపట్టి, జిగురు ఆరేవరకు అలాగే నిలబడ్డాడు.

“నలభై” అన్నాడు.

మేస్త్రి పుస్తకం అందుకుని, అంచు తడిమి చూసి, మూశాడు.

“చెల్లు” అన్నాడు. “కూర్చో అన్నా.”