ప్రమాదం లేని తొమ్మిదివందల తొంభై నాలుగు రోజులు

దెబ్బ తగిలిన మనిషే మిఠాయి పెట్టె పట్టుకొచ్చి అందరికీ క్షమాపణ చెప్పుకోవడం ఎక్కడైనా చూశారా? మా ఫ్యాక్టరీకి రండి, చూపిస్తాను.

చేపముద్ద ఉడికించి కమబోకో అనే జపాను వంటకం చేస్తాం మేము. ఆ సోమవారం పొద్దున తెల్ల టోపీలు, రబ్బరు బూట్లు వేసుకుని ఎప్పట్లాగే వరసగా నిలబడ్డాం. గోడ మీద బోర్డులో "ప్రమాదం లేని రోజులు: 994" అని ఉంది. మేనేజరు ఉసమి దానివైపు వేలు చాపి "ఈరోజూ సున్నా ప్రమాదాలు!" అని అరిచాడు. మేమూ వేళ్లు చాపి "సున్నా! సరే!" అని గొంతు చించుకున్నాం. వెయ్యో రోజున యజమాని స్వయంగా వచ్చి తలా ఒక తువ్వాలు ఇస్తారట.

అప్పుడు కికుయే ముందుకొచ్చింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు, ఎడమ చంకలో మంజూ మిఠాయిల పెట్టె.

"ఇంట్లో స్నానాలగదిలో జారిపడ్డాను. నా అజాగ్రత్త వల్ల పదకొండు రోజులు మీ అందరినీ ఇబ్బంది పెట్టాను. మన్నించండి" అని నడుం వంచింది.

ఆమె రెండు వేళ్లు బెల్టు రోలరులో నలిగిపోయినప్పుడు పక్కనే ఉండి బెల్టు ఆపే ఎర్ర మీట నొక్కిందాన్ని నేనే. ఆ కేక అక్కడున్న ముప్ఫైమందీ విన్నారు. అయినా అందరూ తిరిగి నడుం వంచారు. నేనూ వంచాను. వంచాక నా మీద నాకే ఒళ్లు మండింది.

మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో కికుయేని పట్టుకున్నాను.

"ఏమే, మీ స్నానాలగదిలో బెల్టు ఎప్పుడు పెట్టించావ్?"

"మెల్లగా అక్కా! మేనేజరుగారు పాపం తన సొంత కారులో తీసుకెళ్లారు. డాక్టరు అడిగితే ఇంట్లో అని చెప్పమన్నారు. ఆయన చేతులు వణికిపోయాయి తెలుసా?"

"ఆహా, ఆయన చేతులా! మరి నీ చెయ్యో?"

కికుయే తల దించుకుంది. "నెలాఖరులోగా ఇంకో ఆపరేషన్ చెయ్యకపోతే ఆ వేళ్లు ఇక వంగవట. నా ఆరోగ్య కార్డు మీద చేయించుకున్నా నా వాటా డబ్బు కట్టడం నావల్ల కాదు. వద్దనేశాను."

వద్దనేసిందట! జుట్టు ముడి వేసుకోవడానికి కూడా ఆ పొద్దున నా దగ్గరికే వచ్చింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ఒంటరిది, ఆ చేతుల మీదే బతుకుతోంది.

"పనిలో దెబ్బ తగిలితే సర్కారు బీమా ఉంది కదే, రోసాయి. అది అడుగు."

"అది పర్మనెంటు వాళ్లకి. మనం గంటల లెక్కన వచ్చేవాళ్లం. పైగా తప్పు నాదే. రోలరుకి మూత లేదని తెలిసీ చెయ్యి పెట్టాను."

"మూత తీయించిందెవరు?"

"మేనేజరుగారు. కడగడం ఆలస్యమవుతోందని."

ఇంక నా నోరు ఆగుతుందా? బూట్లు కడిగే చోటికి పోయి కార్మిక తనిఖీ ఆఫీసుకి ఫోన్ కొట్టాను.

"గంటల లెక్కన పనిచేసేవాళ్లకి వస్తుందా అండీ?"

"ఒక్కరోజు పనిచేసినా వస్తుందమ్మా."

"ఇంట్లో పడ్డానని చెప్పేసిందే?"

"ఇప్పుడు నిజం చెప్పమనండి. ఆసుపత్రికీ చెప్పాలి. పనిలో తగిలిన దెబ్బకి ఆరోగ్య కార్డు వాడకూడదు."

"కంపెనీ సంతకం పెట్టనంటే?"

"పెట్టలేదని రాసి తీసుకురండి. తీసుకుంటాం."

ఎగిరి గంతేశాను. నీళ్లలో జారి పడబోయాను కూడా. పడి ఉంటే నాదీ స్నానాలగదే అనేవాళ్లు!

తిన్నగా ఉసమి ముందుకెళ్లి నిలబడ్డాను. కికుయే నా వీపు వెనక దాక్కుంది.

"రోసాయి ఫారం మీద సంతకం పెడతారా, పెట్టరా సార్?"

"నెజిమె గారూ, వెయ్యికి ఇంకా ఆరు రోజులే ఉన్నాయి. తువ్వాళ్ల మీద అచ్చు కూడా వేయించేశాం."

"పెడతారా, పెట్టరా?"

"ఏ ప్రమాదానికి?" అంటూ బోర్డు చూపించాడు.

"చాలు సార్. సంతకం పెట్టలేదని రాయడానికి ఈ ముక్క చాలు" అన్నాను.

నాలుగింటికి షిఫ్టు దిగాం. తనిఖీ ఆఫీసు ఐదుంబావుకి మూసేస్తారు, రేపటికైతే ఈమె మనసు మారిపోతుంది. బస్సు తప్పిపోయింది. వంతెన మీంచి పరుగు లంకించుకున్నాం. "అక్కా, ఉద్యోగం పీకేస్తారేమో!" అని కికుయే రొప్పుతుంటే, "పనిలో తగిలిన దెబ్బకి సెలవు పెట్టి వచ్చినదాన్ని నెల్లాళ్లదాకా పీకడానికి చట్టం ఒప్పుకోదే, పద!" అని అరిచాను. యాభై ఆరేళ్ల మోకాళ్లు రెండూ తిట్టిపోస్తున్నా సరే, అంత సంతోషంగా నేనెప్పుడూ పరిగెత్తలేదు.

కౌంటరులో కళ్లజోడు ముక్కు మీదికి జారిన పెద్దాయన ఫారం ఇచ్చాడు. కికుయే ఎడమచేత్తో కలం పట్టుకుంది. నేను రాస్తానంటే వినలేదు. ప్రమాదం ఎలా జరిగిందన్న చోట వంకర అక్షరాలతో మొదలుపెట్టింది: "పూర్తిగా నా అజాగ్రత్త వల్ల..."

పెద్దాయన వేలితో ఆపాడు. "తప్పెవరిదని ఇందులో అడగలేదమ్మా. మీరు ఏమరపాటుగా ఉన్నా ఈ బీమా వర్తిస్తుంది. ఏం జరిగిందో రాయండి."

"తప్పు నాదైనా?"

"అయినా సరే."

"మరి ఎవరికి క్షమాపణ చెప్పాలండీ?"

"ఎవరికీ అక్కర్లేదు."

కికుయే రాసినదాని మీద అడ్డంగా గీత కొట్టింది. ఎక్కడ జరిగిందో రాసింది. మూత లేదని రాసింది. ఎవరు తీయించారో, ఏమన్నారో, కారులో తీసుకెళ్లి డాక్టరుకి ఏం చెప్పించారో రాసింది. సంచిలో ఆమె ఫోను మోగింది, ఉసమి పేరు కనబడింది. తల ఎత్తనైనా ఎత్తలేదు. గడియారం ఐదుంబావు దాటింది. పెద్దాయన వెళ్లి తలుపు మీద "మూసివేయబడింది" అన్న పలక తగిలించి వచ్చి, మళ్లీ మా ఎదురుగా కూర్చున్నాడు.

పదకొండేళ్లుగా బెల్టు ముందు నా పక్కన నిలబడి పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, కాగితం చివరిదాకా నింపేసి, చెమట తుడుచుకుని అడిగింది:

"చోటు చాల్లేదండీ. ఇంకో కాగితం ఉందా?"